వర్జ్యం దాటాక స్విచ్ వెయ్యాలి

నరసరావుపేటలో ముప్పై మూడేళ్ళు కంప్యూటర్లు బాగుచేశాను. అంతకుముందు రేడియోలు, టీవీలు. సన్నటి టంకం ఇక కనపడదని కళ్ళు మొరాయించాక పోయిన ఏడాది షాపు మూసేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి "అంకుల్, ఏమన్నా టిప్స్ చెప్పండి" అంటారు. టిప్స్ ఫోన్లో బోలెడు ఉన్నాయి. నా దగ్గర ఉన్నవి తప్పులు. అవి ఫోన్లో దొరకవు కాబట్టి రాసిపెడుతున్నాను.

ముందే ఒక మాట. ఈ పని అంటే కంప్యూటర్లతో పని అనుకుని వస్తారు మీరు. నూటికి తొంభై పాళ్ళు మనుషులతో పని. బోర్డు మనల్ని తిట్టదు, అనుమానించదు, మన మీద కాపలా మనిషిని పెట్టదు.

ముందు ముక్కు

నాకు పని నేర్పింది నాగూరు భాయ్. ఓవర్‌బ్రిడ్జి దగ్గర చిన్న రేకుల షాపు ఆయనది. "మీటరు తర్వాతరా, ముందు ముక్కు పెట్టు" అనేవాడు. ఏ పెట్టె వచ్చినా మూత తీసి తల లోపల పెట్టి గట్టిగా పీల్చేవాడు. కాలిన రెసిస్టరుకి ఒక వాసన, ట్రాన్స్‌ఫార్మరుకి ఒక వాసన, చచ్చిన బల్లికి ఇంకో వాసన. ఒకసారి ఒక రేడియోని పీల్చి "దీనికేం కాలేదు, వీళ్ళింట్లో సాంబ్రాణి ఎక్కువ" అని తిప్పి పంపేశాడు. నిజంగానే దానికేం కాలేదు. బ్యాటరీలు తిరగేసి పెట్టారంతే.

మన పల్నాడులో ముక్కు పెట్టేముందు కాస్త ఆలోచించాలి. మిర్చి గోడౌనులో ఏళ్ళ తరబడి ఉన్న కంప్యూటర్ మూత తీసి పీల్చినవాడు అరగంట వరకూ మాట్లాడలేడు. నేను రెండుసార్లు పీల్చాను.

భాయ్ దగ్గర ఒక చెడ్డ అలవాటు కూడా ఉండేది. తనకు అంతుపట్టని ప్రతి జబ్బుకీ "కరెంటోళ్ళ తప్పు, మీ లైన్లో వోల్టేజీ సరిగ్గా లేదు" అని చెప్పి పంపించేవాడు. ఆయన నేర్పిన విద్యల్లో నేను అన్నిటికంటే బాగా పట్టుకున్నది అదే. ఒక కోల్డ్ స్టోరేజీలో రెండు రోజులు బోర్డు పరీక్షించి, చివరికి ఎవరో మానిటర్ వెలుతురు పూర్తిగా తగ్గించారని కనిపెట్టాను. వాళ్ళకి మాత్రం మీ వోల్టేజీ వల్ల ఒక ఐసీ పోయింది, మార్చాను అని చెప్పాను. అబద్ధం. ఇన్నేళ్ళకి ఒప్పుకుంటున్నాను.

ఆ అలవాటు నాకు ఎలా వదిలిందో చెప్పడానికే ఇదంతా. షాపు మూసేముందు చేసిన ఆఖరి పెద్ద పని అది.

సిద్ధాంతి గారి పెట్టె

మా పేటలో ఒక సిద్ధాంతి గారున్నారు. ఎనభైకి దగ్గర పడ్డారు. నా కుర్రతనంలో ఆయన ఇంట్లో ఒక కంప్యూటర్ పెట్టాను. 486 బోర్డు, బరువైన మానిటరు, పెద్ద చప్పుడు చేసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. ఇప్పటి పిల్లలు దాన్ని చూస్తే మ్యూజియంలోంచి ఎత్తుకొచ్చారనుకుంటారు. ఆ రోజుల్లో తెర మీద తెలుగు కనపడాలంటే జానెడు పొడవున్న ఒక కార్డుని బోర్డులో గుచ్చాల్సి వచ్చేది. తెలుగు కార్డు అనేవాళ్ళం. ఆయన జాతకాలన్నీ ఆ కార్డు మీదే నడిచేవి.

నా పేరు సుందర్రావు, క్రైస్తవుణ్ణి. జాతకాల మీద నాకు నమ్మకం లేదు. కానీ సిద్ధాంతి గారి పనితనం మీద ఉంది. జాతకం రాయించుకోవడానికి ఎవరొచ్చినా ఆయన తల్లిని తీసుకురమ్మనేవారు. గడియారం లేని ఇళ్ళలో జరిగిన కాన్పులు అవి. "మాచర్ల బండి కూత కూసినాక" అని ఒకావిడ, "రెండో ఆట సినిమా వదిలినప్పుడు" అని ఇంకొకావిడ చెప్పేది. ఆ మాటల్ని పట్టుకుని ఆయన ఘడియలు లెక్క కట్టేవారు. తల్లి చెప్పినదంతా 'విశేషాలు' అనే గడిలో పొల్లు పోకుండా టైపు చేసేవారు. చుట్టుపక్కల ఊళ్ళలోని వేలమంది పుట్టుకలు ఆ పెట్టెలో ఉన్నాయి. చెప్పిన తల్లుల్లో చాలామంది ఇప్పుడు లేరు.

శివరాత్రి ఇరవై రోజులుందనగా ఆ పెట్టె ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు.

ఇద్దరు పెద్దోళ్ళు

సిద్ధాంతి గారు నాకు ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్ళేసరికి అరుగు మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని ఉన్నారు. ఒకే ముఖం, ఒకే బట్టతల, ఒకే కోపం. వెంకయ్య, కోటయ్య. కవలలు. కోటప్పకొండకు పోయే దారిలో ఒక ఊళ్ళో మిర్చి, పత్తి పండించే రైతులు. వయసు యాభై ఏడు.

కోటప్పకొండ తిరునాళ్ళకి ఆ ఊరి నుంచి ఏటా ఒక ప్రభ కడతారు. వెదురుబొంగులతో తాటిచెట్టంత ఎత్తున కట్టి, రంగులూ లైట్లూ పెట్టి కొండ దాకా తీసుకెళ్ళే ఆ ప్రభ వీళ్ళ ఇంటి ముందు నుంచే కదలాలి. కదిలేముందు ఆ ఇంటి పెద్ద కొబ్బరికాయ కొట్టాలి. తండ్రి ఉన్నన్నాళ్ళూ ఆయన కొట్టాడు. ఆయన పోయాక తల్లి అచ్చమ్మ కొట్టింది. ఆవిడా పోయి ఏడాది దాటింది. పోయిన శివరాత్రికి మైల కాబట్టి గొడవ లేదు. ఈసారి కాయ ఎవరు కొట్టాలి? పెద్దోడు. పెద్దోడు ఎవరు?

"నేనే" అన్నాడు వెంకయ్య. "మా యమ్మ నన్ను పెద్దోడా అనే పిలిచేది. చచ్చేదాకా."

"నిన్నా? నన్ను పిలిచేది, నిన్ను కాదు" అన్నాడు కోటయ్య. "నా చెవుల్తో నేను విన్నా."

"ఎప్పుడు విన్నావురా? నేను లేనప్పుడా?"

"నువ్వు ఉన్నప్పుడు నిన్నెప్పుడన్నా పిలిచిందా?"

ఇద్దరూ ఒక్క క్షణం ఆలోచనలో పడ్డారు. మళ్ళీ మొదలెట్టారు.

పెళ్ళిళ్ళ ముందు ఇద్దరి జాతకాలూ సిద్ధాంతి గారే రాశారు. రాయించింది అచ్చమ్మే. అందుకని ఊరి పెద్దలు కూర్చుని, కంప్యూటర్ ఏం చెబితే అదే అని తేల్చారు. ఇంట్లో ఉన్న జాతకం కాయితాలు చెదలు తిన్నాయట. వేల జాతకాల మధ్య ఇదొక్కటి సిద్ధాంతి గారికి గుర్తులేదు. కంప్యూటరు చెప్పే స్థితిలో లేదు. ఈలోపు కోటయ్య తన వాటాగా రెండో ప్రభకి వెదుళ్ళు తెప్పించేశాడు. ఒకే వీధిలో రెండు ప్రభలు ఎదురెదురుగా నిలబడితే ఏం జరుగుతుందో పల్నాడు వాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు ఇళ్ళలోనూ దుడ్డుకర్రలకి నూనె రాస్తున్నారని అప్పటికే వార్త.

"శివరాత్రి లోపు ఇది నోరు తెరవాలి నాయనా" అన్నారు సిద్ధాంతి గారు. "లేకపోతే ఆ ఊళ్ళో తలలు పగుల్తాయి."

నిమ్మకాయ

మూత తీసి ముక్కు పెట్టాను. ఘాటు వాసన. పాత బోర్డుల మీద బొటనవేలంత బ్యాటరీ ఒకటి టంకం వేసి ఉండేది. అది ముసలిదై లోపలి రసం కక్కుకుంటుంది. ఆ రసం బోర్డు మీద పాకి రాగి గీతల్ని తినేస్తుంది. చూస్తే బోర్డు మూల అంతా పచ్చటి చిలుము. ఇంట్లో రాగిచెంబుకి పట్టేదే.

బ్యాటరీ కత్తిరించి పారేసి, నిమ్మకాయ తెమ్మన్నాను. ఆ రసం క్షారం, దానికి పులుపే విరుగుడు. నేను బోర్డు మీద నిమ్మచెక్క పిండుతుంటే అన్నదమ్ములు ఇద్దరూ అరుగు మీంచి లేచి నిలబడ్డారు.

"ఏందన్నా, దిష్టి తీస్తన్నావా?" అన్నాడు వెంకయ్య.

"చిలుము కడుగుతున్నానయ్యా."

"ఎవరి పేరు మీద పిండుతున్నావు?" అన్నాడు కోటయ్య, ఇంకా అనుమానంగా. "వాడి పేరు మీదా?"

ఎవరి పేరు మీదా కాదని నమ్మించడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత పెట్టె షాపుకి తెచ్చుకుని, తినేసిన గీతల మీదుగా వెంట్రుక మందం తీగలు వేసి టంకం పెట్టాను. స్విచ్ వేశాను. వచ్చింది! మూడు రోజులు రాత్రీ పగలూ ఆపకుండా నడిపి చూశాను. ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆటోలో పెట్టుకుని తీసుకెళ్ళి, ఆన్ చేసి చూపించాను.

"వెతకండి మరి" అన్నాను.

సిద్ధాంతి గారు పంచాంగం చూసి తల అడ్డంగా ఊపారు. ఇలాంటి తగవు తీర్చే పని సాయంత్రం పూట చెయ్యకూడదట. రేపు పొద్దున్నే స్నానం చేసి మంచి ఘడియలో చూస్తానన్నారు. పెట్టె ఆపేసి నేను వచ్చేశాను. మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్. తెర నల్లగా ఉంది.

మళ్ళీ షాపుకి తెచ్చాను. షాపులో మధ్యాహ్నానికల్లా చక్కగా వచ్చింది. అన్నీ ఇంకోసారి కడిగి, తీగలన్నీ ఇంకోసారి అతికించి, నాలుగు రోజులు ఆపకుండా నడిపి, మళ్ళీ ఆటో ఎక్కించాను. ఈసారి సిద్ధాంతి గారిని బతిమాలి అప్పటికప్పుడే వెతకడానికి ఒప్పించాను. కానీ కోటయ్య మిరపకాయల లారీతో గుంటూరు యార్డులో ఉన్నాడు. ఇద్దరూ ఎదురుగా లేకుండా తెరవకూడదని ముందే ఒప్పందం. సరే, పొద్దున్నే అన్నారు. పొద్దున్నే ఫోన్. తెర నల్లగా ఉంది.

అప్పుడు నేను భాయ్ దగ్గర నేర్చుకున్న విద్య బయటికి తీశాను. "షాపులో బ్రహ్మాండంగా నడుస్తుంది సిద్ధాంతి గారూ. మీ ఇంట్లోనే తేడా. మీ లైన్లో వోల్టేజీ సరిగ్గా లేదు" అన్నాను.

ఆయన పాపం నమ్మి, ఎలక్ట్రీషియన్ని పిలిచి ఇంటి వైరింగంతా తీయించి కొత్తది వేయించారు. రెండు రోజులు ఆ ఇంట్లో ఫ్యాను లేదు. మూడో రోజు పొద్దున స్విచ్ వేస్తే, తెర నల్లగా ఉంది.

ఆ వయసులో ఆ మనిషి నెత్తి మీద గోడ సున్నంతో, విసనకర్రతో విసురుకుంటూ నా వైపు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

పంచాంగం ప్రకారం రిపేరు

శివరాత్రికి ఆరు రోజులుంది. మళ్ళీ షాపుకి తీసుకెళతానంటే అన్నదమ్ములు పడనివ్వలేదు.

"రెండుసార్లు తీసుకుపోయావు. షాపులో వాడి మనుషులు వచ్చి పేర్లు మార్చి పోయారేమో, నాకేం తెలుసు?" అన్నాడు వెంకయ్య.

"నా మనుషులా? నీ బామ్మర్ది ఆ షాపు ముందు టీ తాగుతా కనపడ్డాడు" అన్నాడు కోటయ్య.

పాత బోర్డు ఇంకోటి ఎక్కడన్నా దొరుకుతుందేమోనని గుంటూరు, విజయవాడల్లో ప్రతి పాత సామాను కొట్టులోనూ అడిగాను. అన్నీ ఎప్పుడో కరిగిపోయాయన్నారు. అన్నదమ్ముల ముందే డిస్కు తీసి, అక్కడికే తెచ్చిన కొత్త కంప్యూటర్‌కి తగిలించి చూశాను. ఫైళ్ళు కనపడ్డాయి గానీ తెరిస్తే పిచ్చి గుర్తులు. బాగా చదువుకున్న వాళ్ళు వాటిని తెలుగులోకి మార్చగలరేమో. నాకు చేతకాలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, ఆ ముసలి బోర్డుని ఆ అరుగు మీదే, ఆ నాలుగు కళ్ళ ఎదుటే బతికించాలి.

అక్కడ ఇంకో చిక్కు వచ్చిపడింది. నా పని అంటే స్విచ్ వెయ్యడం, చూడటం, ఆపడం, ఒకటి మార్చడం, మళ్ళీ వెయ్యడం. రోజుకి యాభైసార్లు. సిద్ధాంతి గారి లెక్కలో స్విచ్ వేసిన ప్రతిసారీ ఒక ఆరంభం. ఆరంభం రాహుకాలంలో కూడదు. యమగండంలో కూడదు. దుర్ముహూర్తంలో కూడదు. వర్జ్యంలో అసలే కూడదు. "ఇప్పటికే రెండుసార్లు చెడింది నాయనా. ఇక నా ఇంట్లో పని నా పద్ధతిలో జరగాలి" అన్నారు. వైరింగు సంగతి గుర్తొచ్చి సరేనన్నాను. మా పాస్టరు గారికి తెలిస్తే ఏమంటారో అనుకుంటూ ఆ రోజు పంచాంగం ఒక కాయితం మీద రాసుకుని టంకం పెట్టె మూతకి అంటించుకున్నాను.

ఇలాంటి జబ్బులో ముందు చెయ్యాల్సింది కార్డులన్నీ పీకేసి, బోర్డుని ఒంటరిగా నడిపి చూడటం. తెలుగు కార్డు, డిస్కు తీసి పక్కన పెట్టి స్విచ్ వేశాను. నల్లటి తెర. ఆపకుండా అలాగే ఉంచి మీటరుతో ఒక్కో చోటా కొలుస్తూ, మధ్యమధ్యలో రీసెట్ బటన్ నొక్కుతూ కూర్చున్నాను. రీసెట్ నొక్కినప్పుడల్లా సిద్ధాంతి గారు కళ్ళద్దాల మీంచి చూశారు.

"అది ఆరంభమా, కొనసాగింపా?" అని అడిగారు.

"కరెంటు ఆగదండీ. మళ్ళీ మొదట్నుంచి ఆలోచించుకోమని చెప్పడం అంతే."

ఆయన పంచాంగం పేజీలు తిరగేశారు. "దీపం ఆర్పకుండా వత్తి సవరించడం లాంటిది. దోషం లేదు" అని తీర్పు చెప్పారు. ముప్పై మూడేళ్ళలో నా పనికి దొరికిన అతి పెద్ద వెసులుబాటు అది.

ఇరవై నిమిషాలయ్యాక, ఏమీ చెయ్యకుండానే, రీసెట్ నొక్కగానే తెర వెలిగింది. అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి "వచ్చింది!" అని అరిచారు. కార్డు, డిస్కు గుచ్చాలి కాబట్టి కరెంటు ఆపేశాను. రెండు నిమిషాల్లో గుచ్చేసి స్విచ్ మీద వేలు పెట్టాను.

"ఆగు" అన్నారు సిద్ధాంతి గారు. "దుర్ముహూర్తం వచ్చింది."

నలభై ఎనిమిది నిమిషాలు కూర్చున్నాం. అది దాటాక వేస్తే నల్లటి తెర.

కార్డు చెడిందేమోనని మళ్ళీ అన్నీ పీకాను. మళ్ళీ ఇరవై నిమిషాలు, మళ్ళీ రీసెట్, మళ్ళీ వెలిగింది. ఈసారి పరుగున కార్డులు గుచ్చాను. ఎంత పరుగు తీసినా వర్జ్యం నాకంటే ముందు వచ్చింది. గంటన్నర పైన. వెంకయ్య గోడకి చేరగిలబడి గురక పెట్టాడు. కోటయ్య వాణ్ణి చూసి "పెద్దోడంట, ఇంత గురకా" అని గొణిగాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా జీవితంలో ఒక బోర్డు ముందు గంటన్నర చేతులు కట్టుకుని కూర్చోవడం అదే మొదటిసారి.

అలా కూర్చుంటే తట్టింది.

షాపులో నేను దాన్ని ఎప్పుడూ చల్లారనివ్వలేదు. నాదీ రేకుల షాపే, పక్కన టంకం పొయ్యి, రాత్రీ పగలూ నడుస్తూనే ఉంది. ఆటోలో తెచ్చేటప్పటికి కూడా గోరువెచ్చగానే ఉండేది. అందుకే వచ్చీ రాగానే చక్కగా నడిచేది. రాత్రంతా చల్లారితే పొద్దున్న లేచేది కాదు. ఇక్కడా అంతే. ఇరవై నిమిషాలు వేడెక్కితే లేస్తుంది, దుర్ముహూర్తంలో చల్లారితే పడుకుంటుంది. జబ్బు చలిలో ఉంది. నేను ఇన్నాళ్ళూ రోగికి దుప్పటి కప్పి, వొణుకు ఎక్కడా లేదే అని వెతుకుతున్నాను.

రెండు సంచుల ఐసు

"ఐసు కావాలి" అన్నాను.

అన్నదమ్ములు ఇద్దరూ రోడ్డు మీది చెరకు రసం బండి దగ్గరికి పరిగెత్తారు. కలిసి కాదు. ఇద్దరూ రెండు సంచులు విడివిడిగా తెచ్చారు. ఎవరి ఐసు ముందు వాడాలనే తగవు రాకముందే, ఒకసారి ఇందులోంచి, ఒకసారి అందులోంచి తీస్తానని ప్రకటించాను.

వర్జ్యం దాటింది. స్విచ్ వేసి, వేడెక్కనిచ్చి, బోర్డు నడుస్తుండగా ఐసు ముక్కని ప్లాస్టిక్ కవర్లో కట్టి ఒక్కో భాగం మీదా ఆనించి రీసెట్ నొక్కడం మొదలుపెట్టాను. ఇక్కడ ఆనిస్తే లేచింది. అక్కడ ఆనిస్తే లేచింది. కీబోర్డు గుచ్చే చోటు పక్కన బఠాణీ గింజంత కెపాసిటర్ ఒకటుంది. దాని మీద ఆనించగానే తెర నల్లబడి ఊరుకుంది. ఐసు తీసి కాసేపు వేలు ఆనిస్తే మళ్ళీ లేచింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

పీకి చూస్తే దాని కిందంతా పచ్చగా ఉంది. బ్యాటరీ కక్కిన రసం అక్కడి దాకా పాకింది. మొదటి రోజు నిమ్మకాయ పిండినప్పుడు నేను పైపైన కడిగి, దాని కింద చూడకుండా వదిలేశాను. ఎండిపోయిన ఆ గింజ వెచ్చగా ఉంటేనే పని చేసేది. పాత టీవీలోంచి తీసి దాచిన అలాంటిదే ఇంకొకటి నా డబ్బాలో ఉంది, వేశాను.

"ఏమైంది నాయనా?" అని అడిగారు సిద్ధాంతి గారు.

మీ వైరింగు మార్చాం కాబట్టి సగం నయమైంది, మిగతా సగం ఇది అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన నెత్తి మీద సున్నం ఇంకా కళ్ళ ముందు కదులుతోంది.

"తప్పు నాదండీ" అన్నాను. "మీ వోల్టేజీ బాగానే ఉంది. నాకు తెలియక అన్నాను. మొదటి రోజే దీని కింద చూడాల్సింది."

ఆయన కోప్పడతారనుకున్నాను. "దుర్ముహూర్తంలో ముట్టుకోనివ్వకపోబట్టే దొరికింది, చూశావా?" అన్నారు ఆనందంగా. పిల్లలూ, మీకు పంచాంగం మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఒకటి చెయ్యండి. బాగైందనుకున్న ప్రతి బోర్డునీ ఒక రాత్రి పూర్తిగా చల్లారనిచ్చి, పొద్దున్నే వేసి చూడండి. అప్పటిదాకా బాగైందని ఎవరికీ చెప్పకండి.

విశేషాలు

శివరాత్రి ముందు రోజు పొద్దున్నే, చల్లటి పెట్టెకి సిద్ధాంతి గారే స్వయంగా స్విచ్ వేశారు. లేచింది. తెలుగు అక్షరాలు ఒక్కోటీ వచ్చాయి. ఆయన ఒంటివేలితో అచ్చమ్మ పేరు కొట్టి వెతికారు. డిస్కు చాలాసేపు గరగరలాడింది.

అన్నదమ్ములు గుమ్మం అవతల ఉన్నారు. తెర మొదట చూసింది మేమిద్దరమే. ఇద్దరి జాతకాలూ వచ్చాయి. పుట్టిన ఘడియలు ఒకటే. కింద విశేషాల గడిలో సిద్ధాంతి గారు ఆ రోజు రాసుకున్నది ఇలా ఉంది.

"తల్లి చెప్పినది. కవలలు. కాన్పు కాగానే తల్లికి స్పృహ తప్పినది. మంత్రసాని ఇద్దరినీ ఒకే చేటలో పడుకోబెట్టి, ముందు ఎవరో మరచినది. పెద్దవాడు ఎవరో తల్లికి తెలియదు. ఏ ఒక్కడూ చిన్నబుచ్చుకోకుండా, ఒకడు దగ్గర లేనప్పుడు ఇంకొకణ్ణి పెద్దోడా అని పిలుచుచున్నది. ఈ సంగతి పిల్లలకు తెలియరాదని కోరినది."

సిద్ధాంతి గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "ఆవిడ చెప్పొద్దంది సుందర్రావ్" అన్నారు నెమ్మదిగా. "మాట ఇచ్చి ఉంటాను."

"చెప్పకపోతే రేపు కర్రలు లేస్తాయండీ" అన్నాను. "ఆవిడ ఉంటే చెప్పమనే అనేది."

ఆయన ప్రింట్ నొక్కారు. నేను గోడ గడియారం చూశాను. యమగండం మొదలై పది నిమిషాలైంది. నోరు మూసుకున్నాను.

ప్రింటరు ఆ ఇల్లంతా అదిరేలా కొట్టింది. సిద్ధాంతి గారు కాయితం పట్టుకుని గుమ్మంలో నిలబడి పైకి చదివారు.

"అంటే" అన్నాడు వెంకయ్య, "నిన్ను కూడా పిలిచేదా?"

"తలంటు పోసేటప్పుడు" అన్నాడు కోటయ్య. "తలుపేసి మరీ పోసేది. నిన్నెప్పుడు?"

"చేలో. సద్దిమూట విప్పేటప్పుడు. నువ్వు కాలవ కాడికి పోయినప్పుడు." వెంకయ్య అరుగు మీద కోటయ్య వైపు జరిగాడు. "నువ్వు కాలవ కాడికి పోయిందాకా మూట విప్పేది కాదురా. నేను ఆకలితో ఛస్తా కూర్చునేవాణ్ణి."

"యాభై ఏళ్ళు" అన్నాడు కోటయ్య. "యాభై ఏళ్ళు ఇద్దర్నీ ఎట్టా మోసిందిరా ఆ ముసల్ది?" అని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. సిద్ధాంతి గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు.

కాసేపటికి వెంకయ్య ముక్కు తుడుచుకుని "రేపు కాయ నువ్వే కొట్టరా" అన్నాడు.

"నేనేంది? నువ్వే కొట్టు."

"చెప్పాగా, నువ్వే."

"ఒరేయ్, మర్యాదగా చెప్తన్నా, నువ్వు కొడతావా లేదా?"

ఇద్దరూ లేచి నిలబడి చొక్కాలు పట్టుకున్నారు. వాళ్ళని విడదీసి ఇళ్ళకి పంపడానికి నాకు రిపేరుకంటే ఎక్కువ శ్రమైంది.

శివరాత్రి రోజు నన్ను పట్టుబట్టి పిలిచారు. చూసి వస్తానని మాత్రం పాస్టరు గారికి చెప్పి వెళ్ళాను. వీధిలో ఒకటే ప్రభ నిలబడి ఉంది. రెండోదానికి తెచ్చిన వెదుళ్ళు కూడా దీనికే కట్టారు, ఏటా కట్టేదానికంటే ఎత్తుగా లేచింది. ప్రభ ముందు అన్నదమ్ములు ఇద్దరూ ఒకే కాయ పట్టుకున్నారు. "నువ్వు కొట్టు" అని ఇతను అటు నెడతాడు, "నువ్వు కొట్టు" అని అతను ఇటు నెడతాడు. డప్పుల వాళ్ళు చేతులు ఎత్తి పట్టుకుని ఎదురు చూస్తున్నారు. ఊరంతా ఎదురు చూస్తోంది. నాలుగు చేతుల మధ్య ఆ కాయ జారి రాయి మీద పడి రెండు చెక్కలైంది. అదే అదనుగా డప్పులు మోగాయి, ప్రభ కదిలిపోయింది.

ఎవరి చేతిలోంచి జారిందని అడిగితే, ఈ రోజుకీ ఇద్దరూ రెండోవాడి పేరే చెబుతారు.